వెండితెరా? తెల్లతెరా?

సినిమా ఊసు వచ్చిందంటే చాలు, మనం 'వెండితెర' అంటాం. వెండితెర వేలుపులు, వెండితెర వెలుగులు, ఎన్ని ముచ్చటైన మాటలో! తీరా చూస్తే ఇవాళ చాలా సినిమాహాళ్ళలో ఉన్నది తెల్లటి తెరే. మరి ఆ వెండి ఎక్కణ్ణించి వచ్చినట్టు? అది కవులెవరో కల్పించిన అలంకారం కాదండీ. తొలిరోజుల్లో ప్రొజెక్టర్ దీపాలకి ఇప్పుడున్నంత శక్తి ఉండేది కాదు. బొమ్మ మసగ్గా పడేది. అందుకని తెర మీద వెండిలా మెరిసే లోహపు పొడి కలిపిన పూత పూసేవాళ్ళు. దాంతో బొమ్మ తళతళలాడేది.

అయితే ఎవరికి తళతళలాడేది? తెరకి ఎదురుగా, నడిమధ్యన కూర్చున్నవాళ్ళకి. పక్కలకి సర్దుకుని కూర్చున్నవాళ్ళకి అదే బొమ్మ వెలవెలబోయి కనిపించేది. మెరిసే వస్తువు గుణమే అంత. కంచుపళ్ళేన్ని తళతళా తోమి ఎండలో పెట్టి చూడండి. ఒకచోట నిలబడితే కళ్ళు జిగేల్‌మంటాయి, రెండడుగులు పక్కకి వేస్తే ఉత్త పళ్ళెమే. మనం ఇన్నేళ్ళుగా మురిపెంగా చెప్పుకుంటున్న మాటలో ఇంత పక్షపాతం దాగుందన్నమాట!

ఈ తెరల పురాణం నాకెందుకు పట్టిందంటే, మా తమ్ముడు ఆత్మకూరులో ఇల్లు కట్టుకుని, హాల్లో హోం థియేటర్ పెట్టుకుంటానన్నాడు. ఆత్మకూర్లు చాలా ఉన్నాయి గనక ఏ ఆత్మకూరో చెప్పాలి. పాలమూరు సీమలోది, ఒకప్పుడు అమరచింత సంస్థానానికి రాజధానిగా వెలిగిన ఊరు, 2016 నుంచి వనపర్తి జిల్లాలో ఉన్నది. ప్రొజెక్టర్ ఏదో తేలిపోయింది. తెర కొలత కూడా తేలింది. మూల నుంచి మూలకి 100 అంగుళాలు, అంటే సుమారు ఏడుంబావు అడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు. 120 అంగుళాలదైతే ఇంకా ఘనంగా ఉంటుందని మొదట సరదాపడ్డాడు గానీ, తెర వైశాల్యం ఒకటిన్నర రెట్లకి దగ్గరౌతుందనీ, ఉన్న వెలుగే అంత మేరా పరుచుకుని బొమ్మ కాంతి పదింట మూడువంతులు తగ్గుతుందనీ ఎవరో చెబితే ఆగాడు. పిండి అంతే ఉంచి దోసె పెద్దది చేస్తే పల్చబడదూ?

ఇక మిగిలింది తెర రకం. దుకాణంవాళ్ళు రెండు ముక్కలు నమూనాకి ఇచ్చారు. ఒకటి సున్నం కొట్టిన గోడలా మెరుపు లేని తెలుపు. రెండోది కాస్త మెరిసేది, ఖరీదు ఎక్కువ. రెండింటినీ గోడకి అంటించి ప్రొజెక్టర్ వేసి చూశారు. హాలు మధ్యలో ముగ్గురు కూర్చునే సోఫా, ఎడమపక్క గోడవార ఒక దివాను, కుడిపక్క వంటింటి గుమ్మం దగ్గర ఒక కుర్చీ. ఆ కుర్చీ ఎవరిదో వేరే చెప్పాలా?

సోఫాలో కూర్చున్న మా తమ్ముడికి మెరిసే ముక్క తెగ నచ్చేసింది. "రంగులెట్లా ఉన్నయో చూడక్కా!" అన్నాడు. కుర్చీలో కూర్చున్న మా మరదలు మాత్రం, "నేను కూసున్న కాడికెల్లి సూస్తే గా తెల్లదే మంచిగ కనబడ్తుంది వదినె. మెరిసేదాంట్ల బొమ్మ సగం సచ్చినట్టుంది" అంది. "అట్లయితే నువ్వు ఇటొచ్చి కూసో" అన్నాడు వాడు. "నేనటొచ్చి కూసుంటే పొయ్యి మీది పాలెవరు సూస్తరు?" అంది తను.

మాట అక్కడితో ఆగింది. కాని నాకు మాత్రం అక్కడే మొదలైంది. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఒకే గుడ్డ ఒకరికి బాగుంది, ఇంకొకరికి బాగాలేదు. అలాంటప్పుడు 'మంచి తెర' అంటే ఎవరికి మంచిదైన తెర?

కాస్త ఆ తెర సంగతి విచారించాను. తెరల అంగట్లో 'గెయిన్' అని ఒక అంకె చెబుతారు. ఒక ప్రామాణికమైన తెల్లటి దిమ్మ మీద పడిన వెలుగు ఎదురుగా ఎంత తిరిగొస్తుందో దాన్ని 1 అనుకుని, తెరకి ఆ లెక్కన అంకె వేస్తారు. గెయిన్ 1 ఉన్న మామూలు తెల్లతెర వెలుగుని అన్ని వైపులా సమానంగా వెదజల్లుతుంది. మెరుపులేని తెల్లటి ఉపరితలాన్ని ఎటునించి చూసినా ఒకే కాంతితో కనబడుతుందన్న సూత్రాన్ని లాంబర్ట్ అనే శాస్త్రజ్ఞుడు 1760లోనే రాసిపెట్టాడు. ఇక గెయిన్ 2 అంటే ఎదురుగా కూర్చున్నవాళ్ళకి రెండింతలు కాంతిమంతంగా కనబడుతుంది.

గెయిన్ అంటే లాభం కదా! ఈ పేరే మనల్ని పక్కదారి పట్టిస్తుంది. తెరకి తన సొంత వెలుగంటూ ఒక్క చుక్క లేదు. ప్రొజెక్టర్ ఎంత పోస్తే అంతే. మధ్యవాళ్ళకి రెండింతలు ఇచ్చిందంటే, ఆ రెండో వంతు ఎక్కడినించో తీసుకురావాలి. పక్కలకి పోవలసిన వెలుగునే మధ్యకి మళ్ళిస్తుంది. పెట్టె మీద 'ఎదురుగా ఉన్నవారికి రెండింతలు' అని రాస్తారు గానీ, 'పక్కవారికి సగం' అని ఎవరు రాస్తారు?

మా ఆత్మకూరువాళ్ళకి ఇది చెప్పడానికి నాకు పెద్ద శాస్త్రం అక్కరలేకపోయింది. దగ్గర్లోనే కృష్ణ మీద జూరాల ప్రాజెక్టు ఉంది. 1995లో మొదలైంది. కుడికాలువ గద్వాల వైపు, ఎడమకాలువ ఆత్మకూరు వైపు, మొత్తం లక్ష ఎకరాల ఆయకట్టు. ఏ కాలువ కిందనైనా రైతుకి తెలిసిన సత్యం ఒకటుంది. తూముకి దగ్గరున్న పొలంవాడు మడి నిండా నీళ్ళు పెట్టుకున్నంత మాత్రాన కాలువలో నీళ్ళు పెరగవు. చివరి పొలం ఎండుతుంది, అంతే. చివరివాడి పొలం ఎండితే మొదటివాడికి కనబడను కూడా కనబడదు, అది దూరంగా ఉంటుంది కనక. సోఫాలో కూర్చున్నవాళ్ళకి గుమ్మం దగ్గర కుర్చీలోంచి బొమ్మ ఎలా ఉంటుందో కనబడనట్టే. అన్యాయాలన్నీ దుర్మార్గం వల్లే జరగవు. చాలావాటికి కారణం, ఆ కుర్చీలో ఒక్కసారైనా కూర్చుని చూడకపోవడం.

పక్కచోట్లు మనకి కొత్తేం కాదు. పల్లెటూళ్ళ టూరింగ్ టాకీసుల్లో ఆడవాళ్ళకి వేరే చోటు ఉండేది. మధ్యలో మోకాలెత్తు గోడో, తడికో అడ్డం. ఒక పక్క మగవాళ్ళు, ఒక పక్క మనం. బొమ్మ ఒకటే అయినా చూపు ఒకటి కాదు. ఒళ్ళో పిల్లవాణ్ణి జోకొడుతూ, మెడ ఒక పక్కకి తిప్పి, మూడు గంటలు చూసి వచ్చి, మర్నాడు చుట్టుపక్కల వాళ్ళకి కథంతా పూసగుచ్చినట్టు చెప్పిన అమ్మమ్మలున్నారు. వాళ్ళు 'మాకు సరిగ్గా కనబడలేదు' అని ఎప్పుడూ అనలేదు. అనలేదు కనక కనబడిందనే అందరూ అనుకున్నారు.

అలాగని అందరికీ కనబడాలని పాటుపడ్డవాళ్ళు లేకపోలేదు. 1900లో పారిస్ మహాప్రదర్శనలో లూమియేర్ సోదరులు 20 మీటర్లకి పైగా వెడల్పున్న తెర కట్టారు. జనం తెరకి అటూ ఇటూ కూడా కూర్చున్నారు. వెనకవాళ్ళకీ బొమ్మ కనబడాలని ఆ గుడ్డని నీళ్ళతో తడిపేవారు. తడిసిన బట్టలోంచి వెలుగు అవతలికి పారుతుందని మనకి తెలీదూ! అంతదూరం ఎందుకు, మన తోలుబొమ్మలాట చూడండి. తెల్లటి గుడ్డ వెనక దీపం, గుడ్డ ముందు ఊరు ఊరంతా. బొమ్మలాటవాళ్ళు పాడుకునే రంగనాథ రామాయణం రాసిన గోన బుద్ధారెడ్డి 13వ శతాబ్దంలో ఈ పాలమూరు సీమలోనే వర్ధమానపురాన్ని ఏలిన గోన వంశంవాడు. ఆ తెరకి వెండిపూత అక్కరలేకపోయింది. రాముడు పెద్ద చాప మీద కూర్చున్నవాళ్ళకీ, చెట్టుమొదట్లో కూర్చున్నవాళ్ళకీ కూడా కనబడ్డాడు.

సరే, ఇదంతా మా తమ్ముడితో అంటే వాడు ఊరికే తలూపే రకం కాదు. "మధ్యలో కూసునేది ముగ్గురం. పక్కన ఒక్కరు, మహా అయితే ఇద్దరు. ముగ్గురికి బాగా కనబడటం మంచిదా, ఒక్కరి కోసం ముగ్గురికీ మామూలుగా కనబడటం మంచిదా?" అని అడిగాడు. తీసిపారెయ్యవలసిన ప్రశ్న కాదిది. 'ఎక్కువమందికి ఎక్కువ సుఖం' అన్న సూత్రం మీద పెద్దపెద్ద గ్రంథాలే ఉన్నాయి. ఊళ్ళో రోడ్డు వెయ్యాలన్నా, బస్సు ఎటు తిప్పాలన్నా ఈ లెక్కే వేస్తారు.

కాని ఇంట్లో ఈ లెక్కకి ఒక తిరకాసుంది. రోడ్డు పక్క ఊరికి వేస్తే, మరో ఏడు మనకి వెయ్యచ్చు. ఇంట్లో గుమ్మం దగ్గర కుర్చీలో ప్రతిసారీ కూర్చునేది ఒకే మనిషి. ప్రతి సినిమాలోనూ, ప్రతి ఆదివారమూ ఆ ఒక్క మనిషే మైనారిటీ! అప్పుడది లెక్క కాదు, అలవాటు. ఆ అలవాటుకి లెక్క ముసుగు వేస్తున్నామంతే.

1971లో జాన్ రాల్స్ అనే అమెరికన్ తత్త్వవేత్త న్యాయం గురించి ఒక పెద్ద పుస్తకం రాశాడు. అందులో ఆయన చెప్పిన ఉపాయంలో కూడా ఒక తెర ఉండటం చిత్రం. సమాజానికి నియమాలు ఏర్పరిచేవాళ్ళు ఒక తెర వెనక నిలబడి ఉన్నారనుకోమంటాడు. తాము ధనవంతులుగా ఉంటారో, పేదలుగా ఉంటారో, ఆడో మగో, బలవంతులో రోగిష్టులో వాళ్ళకి తెలియదు. అది తెలియకుండా ఎంచుకున్న నియమమే న్యాయమైనదంటాడు. మనకిది కొత్తా? పిల్లలిద్దరికి ఒక్కటే కజ్జికాయ ఉన్నప్పుడు, "నువ్వు విరువు, వాడు ముందు తీసుకుంటాడు" అని ఏ తల్లి అనలేదు? విరిచేవాడికి తనకి ఏ ముక్క వస్తుందో తెలియదు గనక ఎంత సమంగా విరుస్తాడో చూడాలి, బంగారం తూచినట్టు!

అందుకని మా తమ్ముడితో అన్నాను. "తెర ఎంచుకో. కాని ఎంచుకున్నాక చీటీలు వేద్దాం. ఎవరికి ఏ చోటు వస్తే ఏడాదిపాటు అక్కడే కూర్చోవాలి." వాడు నవ్వి, తెల్లముక్కని ఇంకోసారి వేసి చూశాడు.

ఇక్కడితో అయిపోయిందనుకున్నారేమో, లేదు. మా అమ్మ అక్కడే ఉంటుంది. రెండు కళ్ళకీ శుక్లాల ఆపరేషన్ అయింది. ఒక కంటికి చూపు అంతంతమాత్రమే. ఆవిడకి ఎదురుగా, దగ్గరగా, కాంతిమంతంగా ఉంటే తప్ప మొహాలు ఆనవు. మరి ఆవిడ మాటేమిటి? సమానం అని చెప్పి చీటీలో ఆవిడకి గుమ్మం దగ్గర కుర్చీ వస్తే కూర్చోబెడతామా? అది న్యాయమూ కాదు, మర్యాదా కాదు. మధ్యకుర్చీ ఆవిడదే. అవసరం వల్ల వచ్చిన మధ్యచోటు వేరు, అలవాటు వల్ల వచ్చిన మధ్యచోటు వేరు. మొదటిది అడగకుండానే ఇవ్వాలి. రెండోది ఎవరైనా అడిగితే లేవాలి. తెల్లతెరతో ఉన్న సుఖమేమిటంటే, మధ్యచోటు అమ్మకిచ్చి మిగిలినవాళ్ళు పక్కలకి జరిగినా ఎవరూ పెద్దగా నష్టపోరు. ఇవ్వడం తేలికౌతుంది.

తెల్లతెరకి లోపాలు లేవని చెబితే అది అంగడివాడి మాటౌతుంది. ఉన్నాయి. అన్నిటికంటే పెద్దది, దానికి చీకటి కావాలి. ప్రొజెక్టర్ వెలుగు వెయ్యగలదు గానీ నలుపు వెయ్యలేదు. బొమ్మలో నల్లటి జడ ఉందంటే, అక్కడ వెలుగు వెయ్యకుండా ఊరుకుంటుంది. అంటే ఆ జడ నలుపు మన గది చీకటంత. పక్కన వంటింట్లో ట్యూబులైటు వెలుగుతుంటే, ఆ వెలుగు తెర మీద పడి నల్లజడ కాస్తా నెరిసిపోతుంది. తెల్లతెర ఎవరినీ కాదనదు కదా, ప్రొజెక్టర్ వెలుగుని ఎలా ఆదరిస్తుందో వంటింటి వెలుగునీ అలాగే ఆదరిస్తుంది.

దీనికి మందుగా బూడిదరంగు తెరలున్నాయి. బయటి వెలుగుని పక్కకి నెట్టేసే ప్రత్యేకమైన తెరలు కూడా వచ్చాయి. వంటింట్లో లైటు వెలుగుతూనే ఉండచ్చు, బొమ్మ చెడదు. ఎంత బావుందో అనుకున్నాం. తీరా విచారిస్తే, మామూలు దూరం నుంచి వేసే ప్రొజెక్టర్లకి వాడే ఈ రకం తెరల్లో చాలావాటికి పక్కచూపు తగ్గుతుందట! పక్కనించి వచ్చే వెలుగుని తోసేసే గుణమే, పక్కకి పోవలసిన బొమ్మని కూడా ఆపేస్తుంది. అంటే వంటింట్లో దీపం ఆర్పక్కర్లేదు, కాని ఆ దీపం కింద పనిచేసి వచ్చి కూర్చున్న మనిషికి బొమ్మ ఆనదు. పని చేసుకోనిస్తాం, చూడనివ్వం! ఎంత పాత ఒప్పందం ఇది! దీన్నే ఇప్పుడు కొత్తగా, ఎక్కువ డబ్బిచ్చి కొనుక్కోవాలా?

అప్పుడు మా మరదలే దారి చెప్పింది. "తెరతోని గాదు వదినె, పొయ్యితోని మొదలు వెట్టాలె. వంటయినంకనే సినిమా పెడితే లైటెందుకు?" నిజమే. వంటయ్యాక సినిమా అంటే, వంట త్వరగా అవ్వాలి. వంట త్వరగా అవ్వాలంటే ఇంకో రెండు చేతులు పడాలి. సోఫాలోని చేతులు ఖాళీగానే ఉన్నాయి. వంటింటి గుమ్మానికి ముదురురంగు పరదా ఒకటి వేస్తే మిగిలిన వెలుగూ ఆగుతుంది. తెరకి వెయ్యి రూపాయలు ఎక్కువ పెడితే తీరని సమస్య, కూరగాయలు తరిగితే తీరింది. వస్తువులతో కొన్నిటిని సర్దుకోవచ్చు గానీ, వస్తువు మీద నెపం వేసి మనం చెయ్యవలసింది ఎగ్గొట్టకూడదు.

అసలు ఇంట్లో పెద్దతెర ఎందుకు? ఇది అడగాలి. 'మాయాబజార్'లో ప్రియదర్శిని పేటిక గుర్తుందా? 1957 నాటి చిత్రం అయినా మరిచిపోయేవాళ్ళెవరు? మూత తీస్తే ఎవరి మనసుకి నచ్చింది వాళ్ళకి కనబడుతుంది. శశిరేఖకి అభిమన్యుడు, కృష్ణుడు చూస్తే శకుని! ఆ పేటిక ఇవాళ మన ఇళ్ళలో తలకొకటి ఉంది. దాన్ని సెల్‌ఫోన్ అంటున్నాం. ఒకే గదిలో నలుగురూ కూర్చుని నాలుగు పేటికలు తెరుచుకుని, ఎవరి శశిరేఖని వాళ్ళు, ఎవరి శకునిని వాళ్ళు చూసుకుంటున్నారు. ఎవరు ఎందుకు నవ్వారో పక్కవాళ్ళకి తెలియదు. పెద్దతెర కట్టుకోవడమంటే ఆ పేటికలు కాసేపు మూసి, అందరం ఒకే బొమ్మకి ఒకేసారి నవ్వుదామని. ఆ మాట నిజమైతే, ఒకరికి జిగేల్‌మని ఇంకొకరికి వెలవెలబోయే తెర మన పనిని మొదట్లోనే చెడగొడుతుంది. ఒక్కరికే బాగా కనబడాలంటే ఫోను చాలు కదా!

ఒంటరిగా ఉండేవాళ్ళకి ఈ గొడవ లేదు. తెరకి ఎదురుగా ఒక్క కుర్చీ వేసుకునేవాళ్ళు మెరిసే తెరే తెచ్చుకోవచ్చు, వాళ్ళు ఎవరి వెలుగూ తీసుకోవడం లేదు. సన్నగా పొడుగ్గా ఉన్న హాళ్ళలో అందరూ మధ్యనే కూర్చుంటారు గనక అక్కడా పేచీ లేదు. వెండితెర మీద నాకేమీ పగ లేదు. ఎవరి వాటా ఎటు మళ్ళుతోందో తెలుసుకుని కొనుక్కుంటే చాలు.

ఆత్మకూరు ఇంట్లో తెల్లతెరే వచ్చింది. ధర తక్కువని మా తమ్ముడూ, బొమ్మ సమంగా కనబడుతుందని మా మరదలూ, ఎవరి కారణం వాళ్ళు చెప్పుకుంటున్నారు. చెప్పుకోనివ్వండి.

మీ ఇంట్లో కూడా ఎప్పుడైనా తెర కొనే ముచ్చట వస్తే ఒక్క మాట. దుకాణంలో మిమ్మల్ని తప్పకుండా మధ్యకుర్చీలోనే కూర్చోబెడతారు. అక్కణ్ణించి ఏ తెరైనా బాగానే ఉంటుంది. నమూనా ముక్క అడిగి ఇంటికి పట్టుకురండి. గోడకి అంటించి, సాయంత్రంపూట, ఇంట్లో ఎప్పుడూ వెలిగే దీపాలన్నీ వెలిగించి, మీ ఇంట్లో అందరికంటే పక్కన ఎవరు కూర్చుంటారో వాళ్ళ చోట ఇంటాయన్ని ఒక పదినిమిషాలు కూర్చోమనండి. అప్పటికీ మెరిసేదే కావాలంటే అలాగే కొనుక్కోండి. పొయ్యి మీద పాలు మాత్రం ఆ పదినిమిషాలూ ఆయన్నే చూడమనండి.